టెస్టులకు టెస్ట్ పెట్టేదెవరు? 100 శాతం అనే అంకె వెనక కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక 500 రూపాయల కథతో మొదలుపెడతాను. ఆ డబ్బు నాది కాదు. తప్పు మాత్రం నాదే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా టీమ్ ఒక ఫీజు ప్రోగ్రామ్ రాసింది. కాలేజీలు వాడుకునేది. రూల్ చాలా సింపుల్. గడువు తేదీ దాటకుండా కడితే మామూలు ఫీజు. దాటితే 500 రూపాయలు లేట్ ఫీజు. దానికి టెస్టులు రాసే పని నాకు అప్పగించారు. నేను రెండు రాశాను. గడువుకి పది రోజుల ముందు కట్టినవాళ్ళకి లేట్ ఫీజు పడకూడదు. గడువు అయిపోయిన పది రోజులకి కట్టినవాళ్ళకి పడాలి. రెండూ పాస్ అయ్యాయి. స్క్రీన్ మీద పచ్చరంగులో 100 శాతం కవరేజ్ అని కనిపించింది. మా లీడ్ చూసి, "బాగుంది, ఇక లైవ్‌లో పెట్టేద్దాం" అన్నారు. నాకు ఆ రోజంతా భలే గర్వంగా ఉంది.

కొన్ని వారాల తర్వాత ఒక కంప్లైంట్ వచ్చింది. ఒక అబ్బాయి సరిగ్గా గడువు తేదీ నాడు, మధ్యాహ్నం ఫీజు కట్టాడు. వాళ్ళ నాన్న ఎక్కడో చేబదులు తెచ్చి ఆ రోజే పంపిన డబ్బులు. లెక్కకి సరిపోయేంతే పంపారు. కానీ మా ప్రోగ్రామ్ అతనికి లేట్ ఫీజు వేసింది. 500 బాకీ అని చూపించింది. బాకీ ఉంది కాబట్టి హాల్ టికెట్ ఆగిపోయింది. కౌంటర్లో అడిగితే, "సిస్టమ్‌లో అలా చూపిస్తోంది బాబూ, నేనేం చెయ్యను" అన్నారట. పరీక్ష రెండు రోజుల్లో ఉందనగా మాకు విషయం తెలిసింది. వెంటనే సరిచేశాం. హాల్ టికెట్ అందింది. కానీ ఆ కంప్లైంట్ మెయిల్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే నా ప్రశ్న ఒకటే. కవరేజ్ 100 శాతం అని వచ్చింది కదా? నూటికి నూరు వచ్చాక కూడా తప్పు ఉందంటే, మరి ఆ అంకె దేన్ని కొలిచినట్టు?

ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే అరవై ఏళ్ళ చరిత్ర బయటపడింది. ఈరోజు మీకు చెప్పబోయేది అదే. కోడింగ్ రాకపోయినా పర్లేదు, హాయిగా వినండి. ఎందుకంటే ఈ కథ చివరికి మీ చేతిలో ఉన్న ఫోన్ దగ్గరికే వస్తుంది.

ముందు ఒక చిన్న మాట. సాఫ్ట్‌వేర్ టెస్ట్ అంటే ఏంటి? అది కూడా ఒక చిన్న ప్రోగ్రామే. అసలు ప్రోగ్రామ్‌కి ఒక లెక్క ఇచ్చి, వచ్చిన జవాబు సరైందో కాదో చూస్తుంది. మీ ఫోన్లో యాప్ అప్‌డేట్ అయ్యే ముందు ఇలాంటివి వందలు, వేలు నడుస్తాయి. మరి ఆ టెస్టులు సరిపోతాయా లేదా అని ఎవరు చెప్పాలి? అక్కడే కవరేజ్ అనే కొలత వచ్చింది.

కవరేజ్‌ని అర్థం చేసుకోవాలంటే కాలేజీలో అటెండెన్స్ గుర్తు తెచ్చుకోండి. టెస్టులు నడుస్తున్నప్పుడు ప్రోగ్రామ్‌లో ఏయే లైన్లు పనిచేశాయో కంప్యూటర్ టిక్కు పెట్టుకుంటుంది. వంద లైన్లలో ఎనభై పనిచేస్తే 80 శాతం. అంతే. అంటే హాజరు పట్టీ. ఎవరెవరు క్లాసుకి వచ్చారో చెప్తుంది. వాళ్ళకి పాఠం అర్థమైందో లేదో చెప్పదు.

ఇది ఎప్పుడు మొదలైంది? 1963లో. అప్పటికి ప్రోగ్రామ్‌లని అట్టకార్డులకి చిల్లులు పెట్టి కంప్యూటర్‌కి ఇచ్చేవాళ్ళు. కంప్యూటర్ మీద ఒక్కో నిమిషానికి లెక్క ఉండేది. ఆ ఏడాది జోన్ మిల్లర్, క్లిఫర్డ్ మలోనీ అనే ఇద్దరు ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్ళు చెప్పిందేంటంటే, ప్రోగ్రామ్‌లో దారులు ఎక్కడెక్కడ చీలుతున్నాయో బొమ్మ గీసుకోండి. చీలిన ప్రతి దారిలోనూ కనీసం ఒక్కసారి నడిచేలా టెస్టులు ఎంచుకోండి. ఇప్పుడు వినడానికి మామూలుగా ఉంది కానీ, అంతకుముందు చాలామంది తోచిన లెక్కలు రెండు మూడు ఇచ్చి, జవాబు బాగుంటే అయిపోయిందనుకునేవాళ్ళు. "తోచినట్టు" కాకుండా "లెక్క ప్రకారం" టెస్ట్ చెయ్యాలనే ఆలోచనకి దాన్ని ఒక తొలి అడుగుగా చెప్తారు.

తర్వాత ఆరేళ్ళకి, 1969లో రోమ్ నగరంలో నాటో ఒక సమావేశం పెట్టింది. సాఫ్ట్‌వేర్ ఎందుకు ఇంత అధ్వానంగా తయారవుతోంది అన్నదే అక్కడి చర్చ. అక్కడ ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్ శాస్త్రవేత్త ఒక కుండబద్దలు కొట్టే మాట అన్నాడు. దాని సారాంశం ఇది. టెస్టులు తప్పు ఉందని చూపించగలవు, తప్పు లేదని ఎప్పటికీ చూపించలేవు. మన ఊరి భాషలో చెప్పాలంటే, బియ్యంలో రాయి దొరికితే రాయి ఉన్నట్టే. దొరకలేదంటే రాళ్ళు లేవని కాదు, మనం చూసినంతలో కనపడలేదని.

అయితే పరిశ్రమ ఆగదు కదా. ముఖ్యంగా విమానాలు. విమానాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 1992లో డీవో-178బీ అనే ప్రమాణం వచ్చింది. విమానంలో అతి ప్రమాదకరమైన పనులు చేసే సాఫ్ట్‌వేర్‌కి ఎమ్‌సీడీసీ అనే గట్టి కవరేజ్ కావాలని పెట్టింది. పేరుకి భయపడకండి, మన ఫీజు లెక్కతోనే చెప్తాను.

అనుకోండి, లేట్ ఫీజు పడాలంటే రెండు షరతులు. ఒకటి, గడువు దాటాలి. రెండు, ఆ విద్యార్థికి మినహాయింపు ఉండకూడదు. ఎమ్‌సీడీసీ ఏమంటుందంటే, ఒక్కో షరతూ తనంతట తానే జవాబుని మార్చగలదని చూపించు. గడువు దాటింది, మినహాయింపు లేదు, ఫీజు పడింది. ఇప్పుడు ఒక్క గడువుని మార్చు, ఫీజు పడకూడదు. మళ్ళీ మొదటికొచ్చి ఒక్క మినహాయింపుని మార్చు, ఫీజు పడకూడదు. మూడు టెస్టులు. ఉత్త లైన్ల హాజరు కంటే ఇది చాలా మెరుగు.

కానీ జాగ్రత్తగా చూడండి. నేను చేసిన తప్పుని ఇది పట్టుకునేదా? లేదు. గడువు దాటినవాళ్ళకి ఒక టెస్టు, దాటనివాళ్ళకి ఒక టెస్టు. పది రోజుల ముందు, పది రోజుల తర్వాత. విమానాల ప్రమాణం ప్రకారం కూడా నేను పాస్. సరిగ్గా గడువు రోజు ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ అడగలేదు.

సరే, ఇప్పుడు కథ ఇంకో దారి పడుతుంది. లైన్లని లెక్కపెట్టడం మానేసి, కొంతమంది వేరే ప్రశ్న వేశారు. మన టెస్టులకి తప్పుల్ని పట్టే సత్తా ఉందా? ఉంటే ఎంత? దాన్ని ఎలా కొలవాలి?

1970ల మొదట్లో ఐబీఎమ్‌లో హార్లన్ మిల్స్ అనే ఆయన ఒక ఉపాయం చెప్పాడు. అది చెరువులో చేపల లెక్క లాంటిది. చెరువులో ఎన్ని చేపలున్నాయో తెలియాలంటే నీళ్ళన్నీ తోడక్కర్లేదు. కొన్ని చేపలకి గుర్తు వేసి వదలాలి. తర్వాత వల వెయ్యాలి. వలలో పడ్డవాటిలో గుర్తున్నవి ఎన్ని, లేనివి ఎన్ని అని చూస్తే మొత్తం లెక్క అంచనా కట్టొచ్చు. మిల్స్ దీన్నే ప్రోగ్రామ్‌కి పెట్టాడు. మీరే కావాలని 20 తప్పులు ప్రోగ్రామ్‌లో నాటండి. తర్వాత టెస్టులు నడపండి. నాటిన 20లో 15 దొరికాయి, వాటితోపాటు అసలు తప్పులు 30 దొరికాయి అనుకుందాం. అంటే మీ వల నాలుగింట మూడు వంతులు పడుతోంది. కాబట్టి అసలు తప్పులు మొత్తం 40 దాకా ఉండొచ్చు. ఇంకా ఓ పది నీళ్ళలోనే తిరుగుతున్నాయి.

అద్భుతంగా ఉంది కదా? ఒక చిక్కు ఉంది. మనం నాటిన తప్పులు అసలు తప్పుల్లాగే ఉండాలి. మనం నాటినవన్నీ తేలిగ్గా దొరికే రకమైతే, వల గొప్పదని మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

దాదాపు అదే కాలంలో, 1971లో, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రిచర్డ్ లిప్టన్ అనే విద్యార్థి ఉండేవాడు. అతను రాసిన ఒక విద్యార్థి వ్యాసంలో ఇంకో ఆలోచన మొలకెత్తింది. 1978లో అతను, రిచర్డ్ డెమిల్లో, ఫ్రెడరిక్ సేవర్డ్ కలిసి దాన్ని పూర్తి రూపంలో ప్రచురించారు. అదే మ్యుటేషన్ టెస్టింగ్.

మ్యుటేషన్ అనగానే మన దగ్గర చాలామందికి రెవెన్యూ ఆఫీసు గుర్తొస్తుంది. భూమి అమ్మితే రికార్డులో పేరు మారుస్తారే, అది. ఇక్కడ భూమి కాదు, కోడ్ మారుతుంది. బయాలజీలో జన్యువులో చిన్న మార్పుని మ్యుటేషన్ అంటారు కదా, పేరు అక్కడి నుంచి వచ్చింది.

ఎలా చేస్తారంటే, ప్రోగ్రామ్‌కి కాపీలు తీస్తారు. ఒక్కో కాపీలో ఒకే ఒక్క చిన్న మార్పు. ఒకదాంట్లో ప్లస్ ఉన్నచోట మైనస్. ఇంకోదాంట్లో "మరియు" ఉన్నచోట "లేదా". మరోదాంట్లో "కంటే తక్కువ" ఉన్నచోట "తక్కువ లేదా సమానం". ఇలా మార్చిన ఒక్కో కాపీని మ్యూటెంట్ అంటారు. ఇప్పుడు ప్రతి మ్యూటెంట్ మీదా మీ టెస్టులన్నీ నడుపుతారు. కనీసం ఒక్క టెస్టైనా ఫెయిల్ అయితే ఆ మ్యూటెంట్ చచ్చినట్టు. అంటే మీ టెస్టులు మార్పుని గమనించాయి. ఒక్కటీ ఫెయిల్ కాకపోతే మ్యూటెంట్ బతికినట్టు. అంటే కోడ్‌ని మార్చినా మీ టెస్టులకి తెలియలేదు. మొత్తం మ్యూటెంట్లలో ఎంత శాతం చచ్చాయో అదే స్కోరు.

తేడా గమనించారా? కవరేజ్ అడిగేది, "ఈ లైన్ దగ్గరికి ఎవరైనా వచ్చారా?" అని. మ్యుటేషన్ అడిగేది, "ఈ లైన్ పాడైతే ఎవరికైనా తెలుస్తుందా?" అని. మొదటిది హాజరు. రెండోది చెప్పాపెట్టకుండా పెట్టిన స్లిప్ టెస్ట్.

మరి ఇంత చిన్న చిన్న మార్పులతో పెద్ద తప్పుల సంగతి ఎలా తెలుస్తుంది? ఆ ముగ్గురు రెండు ఊహల మీద నిలబడ్డారు. మొదటిది, ప్రోగ్రామర్ రాసేది దాదాపు సరిగ్గానే ఉంటుంది. ముగ్గు వెయ్యడం వచ్చినవాళ్ళు ముగ్గంతా తప్పు వెయ్యరు, ఎక్కడో ఒక చుక్క దగ్గర గీత తప్పుతారు. అలాగన్నమాట. రెండోది, చిన్న తప్పుల్ని పట్టే టెస్టులు పెద్ద తప్పుల్ని కూడా చాలావరకు పట్టేస్తాయి. నూకల్లో సన్న రాయిని చూడగల కన్ను పెద్ద రాయిని వదలదు కదా.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. 1978లోనే ఇంత మంచి ఉపాయం దొరికితే అందరూ ఎందుకు వాడలేదు?

రెండు కారణాలు. మొదటిది ఖర్చు. ఓ మోస్తరు ప్రోగ్రామ్‌కి కూడా మ్యూటెంట్లు వేలల్లో పుడతాయి. ఒక్కోదాని మీదా టెస్టులన్నీ నడపాలి. ఆనాటి కంప్యూటర్లకి అది తలకి మించిన భారం. 1980ల్లో జార్జియా టెక్‌లో మోత్రా అనే వ్యవస్థ తయారైంది. ఫోర్ట్రాన్ ప్రోగ్రామ్‌లలో 22 రకాల మార్పులు చెయ్యగలిగేది. పరిశోధకులకి బాగా ఉపయోగపడింది. మామూలు కంపెనీల దాకా మాత్రం ఈ పద్ధతి అంతగా చేరలేదు.

రెండో కారణం ఇంకా మొండిది. కొన్ని మ్యూటెంట్లని చంపడం అసాధ్యం. ఎందుకంటే కోడ్ మారినా ఫలితం మారదు. ఒకటితో గుణించేచోట ఒకటితో భాగించినట్టు. ఏ లెక్క ఇచ్చినా అదే జవాబు. ఇలాంటివాటిని ఏరెయ్యాలంటే మనిషి కూర్చుని ఒక్కోటీ చూడాలి. రెండు ప్రోగ్రామ్‌లు ఎప్పుడూ ఒకే జవాబు ఇస్తాయా అని ప్రతిసారీ తేల్చగల యంత్రం ఉండదని గణితంలోనే నిరూపణ ఉంది. కాబట్టి ఈ తలనొప్పి పూర్తిగా పోయేది కాదు.

అలా మ్యుటేషన్ ఎక్కువగా యూనివర్సిటీల్లోనే ఉండిపోయింది. బయట ప్రపంచమంతా కవరేజ్ శాతాల వెనక పరిగెత్తింది. "80 శాతం లేకపోతే కోడ్ ఒప్పుకోం" అనే రూల్స్ వచ్చాయి. రూల్ వస్తే ఏమవుతుందో మీకు తెలుసు. అటెండెన్స్ కోసం క్లాసుకొచ్చి వెనక బెంచీలో నిద్రపోతాం చూశారా, అలాంటి టెస్టులు పుట్టుకొచ్చాయి. కోడ్‌ని నడుపుతాయి, జవాబు మాత్రం చూడవు. కవరేజ్ పెరుగుతుంది. నిజం చెప్పొద్దూ, అలాంటివి నేనూ రాశాను.

ఇప్పుడు 2014కి వెళ్దాం. ఈ ఏడాది చాలా ముఖ్యం. రెండు నెలల తేడాలో ప్రపంచం మొత్తం ఉలిక్కిపడిన రెండు తప్పులు బయటపడ్డాయి.

మొదటిది ఫిబ్రవరిలో, ఐఫోన్‌లో. మీరు బ్యాంక్ సైట్ తెరిస్తే అది నిజంగా ఆ బ్యాంకేనా అని ఫోన్ సంతకం చెక్ చేస్తుంది. ఆపిల్ కోడ్‌లో ఆ చెకింగ్ జరిగేచోట "తప్పు ఉంది, చివరికి దూకు" అని చెప్పే ఒక లైన్ పొరపాటున రెండుసార్లు పడింది. రెండో లైన్‌కి ముందు ఏ షరతూ లేదు. దాంతో ప్రతిసారీ చివరికి దూకేసేది. అసలైన సంతకం చెకింగ్ జరిగేదే కాదు. పైగా "అంతా బాగానే ఉంది" అని జవాబిచ్చేది. అంటే ఒకే వైఫైలో ఉన్న దొంగ, నేనే బ్యాంకుని అని నమ్మించొచ్చు. ఐఓఎస్ 7.0.6 అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు.

ఇక్కడ కవరేజ్‌కి దక్కాల్సిన మర్యాద ఇవ్వాలి. దూకిన తర్వాత ఉన్న లైన్లు ఎప్పటికీ నడవవు. మామూలు కవరేజ్ రిపోర్ట్ తీసినా అవి ఎర్రగా కనిపించేవి. "ఈ లైన్ల దగ్గరికి ఎవరూ రాలేదేంటి?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. హాజరు పట్టీ పనికిరానిదేం కాదు. గైర్హాజరు ఎవరో అది కచ్చితంగా చెప్తుంది.

రెండోది ఏప్రిల్‌లో. దాని పేరు హార్ట్‌బ్లీడ్. ఇంటర్నెట్‌లో ఎన్నో సైట్లు వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో అది దాదాపు రెండేళ్ళు దాక్కుంది. జరిగేదేంటంటే, మీరు సర్వర్‌కి ఒక చిన్న మాట పంపి, "ఇది ఇన్ని అక్షరాల మాట, తిరిగి నాకు పంపు" అంటారు. సర్వర్ అలాగే పంపుతుంది. మరి చిన్న మాట పంపి, పెద్ద లెక్క చెప్తే? సర్వర్ నమ్మేసి, ఆ మాటతోపాటు తన మెమరీలో పక్కనున్నదంతా కలిపి ఒక్కోసారి 64 కిలోబైట్ల దాకా ఇచ్చేసేది. అందులో పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు, రహస్య తాళాలు ఉండొచ్చు.

ఇక్కడ కవరేజ్ ఏం చెయ్యగలదు? ఏమీ లేదు. చెప్పిన పొడవు నిజమా కాదా అని చూసే లైన్ ఒకటి ఉండాలి. అది అసలు రాయలేదు. క్లాసులో చేరని విద్యార్థి పేరు హాజరు పట్టీలో ఎలా ఉంటుంది? ఉన్న లైన్లన్నీ నడిపి 100 శాతం తెచ్చుకున్నా, లేని లైన్ గురించి ఆ అంకె నోరు విప్పదు.

అదే 2014లో రెండు పరిశోధనలు కూడా వచ్చాయి. కెనడాలోని వాటర్‌లూ యూనివర్సిటీ నుంచి లారా ఇనోజెమ్‌త్సెవా, రీడ్ హోమ్స్ ఐదు పెద్ద జావా ప్రోగ్రామ్‌లు తీసుకుని, 31,000 టెస్టు గుంపులు తయారుచేసి పరీక్షించారు. టెస్టుల సంఖ్య సమానంగా ఉన్న గుంపుల్ని పోలిస్తే, కవరేజ్ ఎక్కువున్నంత మాత్రాన తప్పుల్ని పట్టే సత్తా ఎక్కువుంటుందని గట్టిగా చెప్పలేమని తేల్చారు. టెస్టులు చూడని చోటు ఎక్కడుందో తెలుసుకోడానికి కవరేజ్ మంచిది, దాన్నే టార్గెట్‌గా పెట్టుకోవద్దు అన్నది వాళ్ళ సలహా.

మరి ఆ సత్తాని వాళ్ళు దేనితో కొలిచారు? మ్యూటెంట్లతోనే! వెంటనే ఇంకో ప్రశ్న. మ్యూటెంట్లు అసలు తప్పులకి ప్రతినిధులేనా? మిల్స్ చేపల దగ్గర వచ్చిన అనుమానమే ఇది. దీనికి జవాబు రెనే జస్ట్ బృందం ఇచ్చింది. నిజమైన ప్రోగ్రామ్‌లలో నిజంగా జరిగిన 357 తప్పులు తీసుకుని మ్యూటెంట్లతో పోల్చారు. వాటిలో 73 శాతం తప్పులకి మామూలు మ్యూటెంట్లతో సంబంధం కనిపించింది. అంటే ఆ మ్యూటెంట్లని చంపే టెస్టులు ఉంటే ఆ తప్పులూ దొరుకుతాయి. మిగతావాటి విషయంలో అంత భరోసా లేదు. 1978 నాటి ఊహ చాలావరకు నిజమే, పూర్తిగా కాదు.

ఇప్పుడు మీ ఫోన్ దగ్గరికి వద్దాం. మీ వాట్సాప్ మెసేజ్‌లు, కాంటాక్టులు ఫోన్లో ఎక్కడ దాక్కుంటాయో తెలుసా? ఎస్‌క్యూఎల్ఐట్ అనే చిన్న డేటాబేస్‌లో. ఆండ్రాయిడ్‌లోనూ ఉంది, ఐఫోన్‌లోనూ ఉంది. అమెరికా నౌకాదళం యుద్ధనౌక కోసం చేస్తున్న ఒక పనిలో భాగంగా రిచర్డ్ హిప్ అనే ఆయన 2000లో దీన్ని మొదలుపెట్టాడు. ఫోన్లలోకి వచ్చాక ప్రపంచమంతా దీని మీద ఆధారపడింది. అందుకే ఆయన విమానాల ప్రమాణాన్ని పట్టుకున్నాడు. మనం ఇందాక చెప్పుకున్న ఎమ్‌సీడీసీ ఉంది కదా, 2009లో దాన్ని 100 శాతం సాధించారు. వాళ్ళ లెక్క ప్రకారం అసలు కోడ్ కంటే టెస్టుల కోడ్ సుమారు 590 రెట్లు ఎక్కువ.

అంటే ఇక తప్పులే లేవా? 2015లో మిహావ్ జలెవ్‌స్కీ అనే సెక్యూరిటీ నిపుణుడు తన ఫజింగ్ పరికరాన్ని దీని మీదకి వదిలాడు. ఫజింగ్ అంటే పిచ్చి పిచ్చి ఇన్‌పుట్‌లు అలుపు లేకుండా ఇస్తూ పోవడం. 22 చోట్ల క్రాష్ చేయించగలిగాడు. విమానం స్థాయి 100 శాతం ఉన్నా సరే.

వాళ్ళు అలగలేదు. ఫజింగ్‌ని రోజువారీ పనిలో కలుపుకున్నారు. మ్యుటేషన్ కూడా చేస్తున్నారు. మెషీన్ కోడ్‌లో దారి చీలే ప్రతిచోటా "ఎప్పుడూ ఇటే వెళ్ళు" అనో, "అసలు చీలకు" అనో మార్చి, టెస్టులకి తెలుస్తుందా లేదా అని చూస్తారు. అక్కడా ఆ పాత మొండి సమస్య ఎదురైంది. కొన్ని చీలికలు కేవలం వేగం కోసం పెట్టినవి. మార్చినా జవాబు అదే, కాస్త ఆలస్యంగా వస్తుంది. అలాంటివాటికి గుర్తు పెట్టి పక్కన ఉంచుతారు.

చివరగా 2018. గూగుల్‌లో గోరన్ పెట్రోవిచ్, మార్కో ఇవాన్‌కోవిచ్ తమ పద్ధతిని వివరించారు. ఖర్చు సమస్యకి వాళ్ళు చెప్పిన విరుగుడు చాలా తెలివైనది. కోడ్ మొత్తాన్నీ మార్చి చూడొద్దు. ఈరోజు ప్రోగ్రామర్ కొత్తగా మార్చిన లైన్లే చూడండి. లైన్‌కి ఒక మ్యూటెంట్ మించొద్దు. పనికిమాలిన చోట్లు వదిలెయ్యండి. బతికిన మ్యూటెంట్‌ని, కోడ్‌ని ఇంకొకరు పరిశీలించే సమయంలో చూపించండి. "ఇక్కడ ఇలా మార్చినా నీ టెస్టులకి తెలియలేదు, ఏమంటావ్?" అని. దాంతో అది మార్కుల్లా కాక, పక్క సీటు వాళ్ళు అడిగే ప్రశ్నలా మారింది.

ఇక నా 500 రూపాయల కథ ముగిస్తాను.

చాలా కాలం తర్వాత మ్యుటేషన్ గురించి చదివి, ఆ పాత ఫీజు కోడ్‌ని నా లాప్‌టాప్‌లో మళ్ళీ రాశాను. అదే తప్పుతో. అవే రెండు టెస్టులతో. నా కోడ్‌లో ఏముందంటే, కట్టిన తేదీ గడువు తేదీ "కంటే ముందు" అయితే లేట్ ఫీజు లేదు. మ్యుటేషన్ పరికరం నడిపాను. ఒక మ్యూటెంట్ బతికింది. దాంట్లో మార్పు ఏంటో తెలుసా? "కంటే ముందు" అన్నచోట "ముందు లేదా అదే రోజు".

దాన్ని చూస్తూ అలా కూర్చుండిపోయాను. తప్పు కాపీ అని పరికరం తయారుచేసిన ఆ మ్యూటెంటే సరైన కోడ్. నేను రాసిందే తప్పు. నా టెస్టులకి ఆ రెండింటి మధ్య తేడా తెలియదు. వాటి మధ్య ఉన్నది ఒక్క రోజు. ఆ అబ్బాయి ఫీజు కట్టిన రోజు.

కాబట్టి కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. 100 శాతం చూసి సంబరపడొద్దు, అలాగని కవరేజ్‌ని తీసిపారెయ్యొద్దు కూడా. ముందు ఎర్రగా ఉన్న లైన్లు చూడండి. తర్వాత పచ్చగా ఉన్న ఒక లైన్ తీసుకుని, చేత్తోనే చిన్న మార్పు చేసి టెస్టులు నడపండి. అన్నీ పాస్ అయ్యాయంటే ఆ పచ్చరంగుకి అర్థం లేదు. జావా వాళ్ళకి పిట్ అనే ఉచిత పరికరం ఈ పని చేసిపెడుతుంది. మిగతా భాషలకీ ఇలాంటివి దొరుకుతాయి. వాటితోపాటు "ఇక్కడ ఉండాల్సింది ఏదైనా లేదా?" అని అడగడం మర్చిపోవద్దు. ఆ ప్రశ్నని ఏ అంకే మీ తరఫున అడగదు. హార్ట్‌బ్లీడ్ చెప్పిన పాఠం అదే.

కోడింగ్ చెయ్యనివాళ్ళకి కూడా ఒక మాట. ఈసారి ఎవరైనా కౌంటర్లో కూర్చుని "సిస్టమ్‌లో అలా చూపిస్తోంది" అంటే, సిస్టమ్‌ని రాసింది నాలాంటి మనిషే అని గుర్తుంచుకోండి. రసీదు దాచుకోండి, తేదీ చూపించండి, గట్టిగా అడగండి. ఆ అబ్బాయి అడిగాడు కాబట్టే మా తప్పు మాకు తెలిసింది. నూటికి నూరు తెచ్చుకున్న నా టెస్టులు అడగని ప్రశ్న అతను అడిగాడు.

ఈరోజుకి ఇంతే. మీకూ ఇలాంటి "సిస్టమ్" అనుభవం ఏదైనా ఉంటే రాయండి, నేను చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.